చిమ్మిలి: నైవేద్యము, ఆరోగ్యము

నాగులచవితినాడు పుట్ట వద్ద మనము సమర్పించు చిమ్మిలికి పొయ్యితో పనిలేదు; నేయి, పంచదార అక్కరలేదు. శుభ్రపరచి ఆరబెట్టిన నువ్వులను బెల్లముతో కలిపి రోటియందు దంచినచో, నువ్వుల నూనెయే పైకి వచ్చి ఉండ కట్టుటకు చాలును. 2 పాళ్ల నువ్వులకు 1 పాలు బెల్లము, సువాసనకు ఏలకుల పొడి చాలునని మా సూచన. నువ్వులలో సున్నము, ఇనుము సమృద్ధిగా కలవు.

అయితే ఒక్కమాట మనవి చేయవలసియున్నది. బెల్లము హాని చేయదని నమ్మి, మధుమేహము గలవారు సైతము యథేచ్ఛగా భుజించుచున్నారు. బెల్లములోను అధికభాగము చక్కెరయే. అదియు రక్తములోని చక్కెరను పెంచును. భగవద్గీత 17వ అధ్యాయమున సాత్త్వికాహారము ఆయురారోగ్యములను వృద్ధిచేయుననియు, రాజసాహారము రోగకారకమనియు చెప్పబడినది. కావున దేహమును బాధించునది ఎంత తీయనిదైనను సాత్త్వికము కానేరదు.

ప్రసాదమును కాదనుట అపచారమని పెద్దలు జంకుచుందురు. గోరంత కన్నుల కద్దుకొని స్వీకరించినను ప్రసాదఫలము పూర్ణమే. కనుక ఉండలను చిన్న ఉసిరికాయంత చేయుడు. పెట్టువారికి సంకోచముండదు, పుచ్చుకొనువారికి భయముండదు.

శుభమస్తు.