ఊరు తరిగెను, ఉక్కు మిగిలెను

సాధారణముగ పట్టణములు తమంతట పెరుగును. ఏటియొడ్డున రేవు ఏర్పడును; రేవును బట్టి సంత వెలయును; సంతను బట్టి వీథులు, గుళ్ళు, బళ్ళు పుట్టును. రెండుమూడు తరములు గడచిన పిమ్మట ఆ చోటికొక పేరును, ఆ పేరునకొక గౌరవమును కలుగును. అమెరికా సంయుక్తరాష్ట్రములలో, ఇండియానా రాష్ట్రపు వాయవ్యమూలను, మిచిగన్ సరస్సు దక్షిణపుటొడ్డున నున్న గేరీ పట్టణము ఈ రీతిని పుట్టినది కాదు. 1906వ సంవత్సరారంభమున నచట ఇసుకదిబ్బలును, నడుమనడుమ చిత్తడినేలలును దప్ప చెప్పదగిన దేమియు లేదు. ఒక కంపెనీ తీర్మానించెను, పట్టణము లేచెను. 1960 నాటికి దాని జనసంఖ్య 1,78,320. 2020 నాటి లెక్కలలో అది 69,093. అయినను, ఏ కర్మాగారముకొఱకు ఈ పట్టణము పుట్టెనో ఆ కర్మాగారము మాత్రము నేటికిని ఉక్కును పోయుచునే యున్నది. కర్మాగారము మూతపడినందున పాడైన ఊళ్ళు లోకమున ననేకములు. కర్మాగారము నిలిచియుండగనే ఊరు క్షీణించుట ఆలోచింపదగిన విషయము.

కంపెనీ తీర్మానము

1901లో జే. పి. మోర్గన్ అను బ్యాంకరు, ఆండ్రూ కార్నెగీ కర్మాగారములను మఱికొన్నింటితో చేర్చి, యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కార్పొరేషను అను మహాసంస్థను నెలకొల్పెను. దాని మూలధనము 140 కోట్ల డాలర్లు. ఆ సంస్థకు అధిపతిగా నుండిన ఎల్బర్ట్ గేరీ కొలిమియెదుట నిలిచి పని నేర్చినవాడు కాడు. ఆయన న్యాయవాది; కొంతకాలము న్యాయాధిపతి. క్రొత్తపట్టణమునకు ఆయన పేరే పెట్టిరి.

ఈ స్థలమునే యేల యెన్నుకొనిరని ప్రశ్నించినచో, సమాధానము ఉక్కు తయారగు విధానములోనే యున్నది. ఉక్కునకు ముఖ్యముగ ఇనుపఖనిజము, బొగ్గు, సున్నపురాయి కావలెను. ఖనిజము ఉత్తరమున మినెసోటా రాష్ట్రమునందలి మెసాబీ గనులనుండి సరస్సులమీదుగ పెద్దనావలలో వచ్చును. సున్నపురాయి మిచిగన్ తీరములనుండి నావలలోనే వచ్చును. బొగ్గు ఆగ్నేయమున అపలేచియను కొండలనుండి రైలుబండ్లలో వచ్చును. ఈ మూడును కలిసికొనుటకు సరస్సు కొన యనుకూలము. దేశమందలి రైలుమార్గములకు కూడలియైన చికాగో నగరము ఇరువదియైదు మైళ్ళ చేరువను గలదు. ఇసుకనేల గనుక వెల తక్కువ.

ఈ లెక్క కుదిరిన వెంటనే పని యారంభమయ్యెను. వేలకొలది కూలివాండ్రు దిబ్బలను చదును చేసిరి. గ్రాండ్ కాల్యుమెట్ అను నదిని సహజమార్గమునుండి తప్పించి క్రొత్తకాలువలో పాఱించిరి. నావలు నిలుచుటకు రేవు త్రవ్విరి. 1908 జూలైలో మొదటి ఖనిజనౌక వచ్చి చేరెను. 1909 ఆరంభమున ఉక్కు వెలువడెను.

ముందు కర్మాగారము, వెనుక ఊరు

పట్టణనిర్మాణమున కంపెనీ యొక పాఠమును దృష్టియం దుంచుకొనెను. చికాగో చేరువనే జార్జి పుల్మన్ అను రైలుపెట్టెల వ్యాపారి తన పనివారికొఱకు ఒక పట్టణమును కట్టించి, ఇండ్లన్నియు తన సొత్తుగనే యుంచుకొనెను. 1893 నాటి ఆర్థికమాంద్యమున ఆయన కూలి తగ్గించెను గాని ఇండ్ల అద్దె తగ్గింపలేదు. దానివలన 1894లో పుట్టిన సమ్మె దేశమందలి రైళ్ళనే యాపివేసెను. యజమానియే ఇంటిదొరయు నైనచో పనివారి కోపము రెండింతలగునని ఉక్కుకంపెనీ గ్రహించెను. కావున గేరీలో స్థలములను అమ్మివేయుటయే మేలని తలచి, అందులకై వేఱొక భూసంస్థను ఏర్పఱచెను.

అమ్మినది మాత్రము కర్మాగారమునకు అక్కఱలేని నేలనే. సరస్సుతీరమంతయు మైళ్ళపొడవున కర్మాగారముపాలాయెను. ఊరు దాని వెనుకనుండెను. బ్రాడ్‌వే అను రాజవీథి ఉత్తరమున కర్మాగారద్వారముకడ ప్రారంభమై దక్షిణమునకు తిన్నగ సాగును. ఆ ద్వారమునకు సమీపమున భూసంస్థ వేసిన భాగములో మంచి బాటలు, నీరు, దీపములు అమర్చిరి. ఆ యిండ్లు మేస్త్రీలకును, నిపుణులకును, గుమాస్తాలకును అందెను. రైలుపట్టాలకు దక్షిణమున నున్న నేలను వ్యాపారులు కొని ముక్కలుచేసి అమ్మిరి. పోలండు, సెర్బియా, క్రొయేషియా, ఇటలీ, గ్రీసు మొదలగు దేశములనుండి వచ్చిన పేదకూలీలు ఆ భాగమున చెక్కయిండ్లలో క్రిక్కిఱిసిరి. ఒక్కొక్క గదిలో పగటివంతువాడు లేచిన పడకపై రాత్రివంతువాడు పరుండెడివాడు. పుల్మన్ పాఠమును కంపెనీ సగమే నేర్చెనని చెప్పవలెను. ఇంటిదొరగ నుండుట ప్రమాదమని తెలిసికొనెను గాని, ఊరిమంచిచెడ్డలకు బాధ్యుడెవరను ప్రశ్నకు సమాధానము వెదకలేదు. ఆనాడు రైలుపట్టాలవద్ద పడిన గీటు అటుపిమ్మట చెఱగలేదు.

పండ్రెండు గంటల దినము

కొలిమి నిత్యము మండవలసినదే, చల్లార్చినచో నష్టము. ఈ నెపముతో పనివారిని దినమునకు పండ్రెండేసి గంటలు రెండు వంతులుగ పనిచేయించిరి. పగటివంతు రాత్రివంతుగ మాఱునపుడు కొందఱు ఏకధాటిగ ఇరువదినాలుగు గంటలు నిలువవలసి వచ్చుచుండెను. 1919 సెప్టెంబరు 22న దేశమందలి ఉక్కుపనివారు సమ్మె కట్టిరి. చేరినవారి సంఖ్య మూడులక్షలకు పైబడెను. ఎల్బర్ట్ గేరీ సంఘనాయకులను కలిసికొనుటకే నిరాకరించెను. అక్టోబరులో గేరీ వీథులలో కలహములు చెలరేగగా, జనరల్ లియొనార్డ్ వుడ్ నాయకత్వమున సర్కారు సైన్యము దిగి సైనికశాసనము నమలుపఱచెను. 1920 జనవరిలో సమ్మె విఫలముగ ముగిసెను. అయినను లోకాభిప్రాయము కంపెనీకి ప్రతికూలమాయెను. అధ్యక్షుడు హార్డింగ్ ఒత్తిడిచేయగా, 1923లో ఎనిమిదిగంటల దినము వచ్చెను. సంఘమును కంపెనీ గుర్తించుటకు మాత్రము 1937 మార్చివఱకు ఆగవలసివచ్చెను.

బడులు చెప్పిన పాఠము

ఇట్టి పట్టణమే విద్యావిషయమున కొంతకాలము లోకమునకు ఆదర్శమాయెను. 1907 మొదలు 1938లో మరణించువఱకు పాఠశాలల పర్యవేక్షకుడుగ నుండిన విలియం వర్ట్ యొక క్రొత్తపద్ధతిని ప్రవేశపెట్టెను. పిల్లలలో సగముమంది తరగతిగదులలో చదువుచుండగ మిగిలినవారు పనిశాలలలోను, తోటలలోను, ఆటస్థలములలోను ఉందురు, పిదప తారుమాఱగుదురు. గది యెన్నడును ఖాళీగ నుండదు. పిల్లవాడెన్నడును ఊరక కూర్చుండడు. ఈత కొలనులు, వడ్రంగిశాలలు, సభామందిరములు గల ఆ బడులను చూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చిరి. అనేక నగరములు ఆ పద్ధతిని అనుకరించెను. న్యూయార్కులో మాత్రము తల్లిదండ్రులు దానిని తిరస్కరించిరి; తమ పిల్లలను కర్మాగారములకు తయారుచేయు యుక్తియే ఇది యని వారు శంకించిరి.

ఆ బడులకొక మచ్చయు గలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఐరోపానుండి కూలీలరాక ఆగిపోగా, దక్షిణరాష్ట్రములనుండి నల్లజాతివారు పెక్కుమంది గేరీకి వచ్చిరి. వారికి కోకుబట్టీలవద్ద అత్యుష్ణమైన, అతికష్టమైన పనులు లభించెను. 1927లో ఎమర్సన్ పాఠశాలకు కొందఱు నల్లజాతి విద్యార్థులను పంపగా, తెల్లజాతి విద్యార్థులు బడి మానివేసి వీథులకెక్కిరి. పురపెద్దలు వారికే లొంగిరి. నల్లజాతివారికి రూజ్‌వెల్ట్ పాఠశాల ప్రత్యేకముగ కట్టబడెను. 1932లో, పనులు లేని ఆర్థికసంక్షోభకాలమున, అంతకుముందు పిలిచి తెచ్చుకొనిన మెక్సికనులను కుటుంబములతో రైళ్ళెక్కించి స్వదేశమునకు పంపిరి. అక్కఱయున్నపుడు చేతులు కావలెను, అక్కఱ తీరినపుడు మనుష్యులు వలదు అను నీతి ఊరి నడతలోనే ఇట్లు చేరెను.

ఈ యూరు కన్న బిడ్డలలో ఇద్దఱు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిరి. 1915లో జన్మించిన పాల్ శామ్యుయెల్‌సనునకు 1970లోను, 1943లో జన్మించిన జోసెఫ్ స్టిగ్లిట్జునకు 2001లోను అది లభించెను. బాల్యమున కన్నులార చూచిన నిరుద్యోగమును, పక్షపాతమును, పేదఱికమును తన్ను అర్థశాస్త్రమువైపు త్రిప్పినవని స్టిగ్లిట్జు చెప్పియున్నాడు. గాయకుడు మైకేల్ జాక్సను 1958లో నిచ్చటనే పుట్టెను. ఆయన తండ్రి ఉక్కుకర్మాగారమున క్రేను నడపినవాడు.

క్షీణత ఎట్లు వచ్చెను?

రెండవ ప్రపంచయుద్ధానంతరము గేరీకి మంచిదినములు వచ్చెను. సంఘబలముచేత కూలి పెరిగెను. కర్మాగారమున పనిచేయువాడు ఇల్లు కొని, కారు కొని, బిడ్డలకు చదువు చెప్పింపగల స్థితికి వచ్చెను. 1959లో దేశవ్యాప్తముగ 116 దినములు ఉక్కుసమ్మె జరుగగా, ఉక్కు కొనువారు జపాను, ఐరోపాలవైపు చూచిరి. ఒకసారి తెఱచిన ఆ ద్వారము మరల మూతపడలేదు. అంతకంటె ముఖ్యమైనది పనితీరులోని మార్పు. పాత ఓపెన్‌హార్త్ కొలిమిలో ఒక్క వాయి ఉక్కు దిగుటకు ఎనిమిది పది గంటలు పట్టుచుండెను. శుద్ధమైన ప్రాణవాయువును వేగముగ ఊదు క్రొత్తకొలిమిలో అది ఒక గంటలోపలనే దిగును. గంటలు తగ్గగా చేతులును తగ్గెను. 1970 ప్రాంతమున ముప్పదివేలకు పైబడి యుండిన పనివారి సంఖ్య 1987 నాటికి ఆఱువేల చేరువకు వచ్చెను.

ఈ కాలముననే పట్టణపాలన చేతులు మాఱెను. 1967 నవంబరులో రిచర్డ్ హాచర్ అను నల్లజాతి న్యాయవాది, తన పార్టీలోని స్థానికపెద్దలే తన్ను వ్యతిరేకించినను, స్వల్పాధిక్యముతో మేయరుగ నెన్నికయ్యెను. అమెరికాలో పెద్దనగరములకు నల్లజాతి మేయర్లు ఎన్నికైన మొదటి సంవత్సరమది. 1972 మార్చిలో దేశమందలి నల్లజాతి రాజకీయనాయకుల మహాసభ గేరీలోనే జరిగెను. ఇరువదియేండ్లు ఆయన పదవియం దుండెను. తెల్లవారు మాత్రము దక్షిణపు పొలిమేరలు దాటి పోయిరి. పట్టణములను ఆనుకొని క్రొత్తపట్టణములు స్థాపింపరాదను రాష్ట్రనియమమునుండి శాసనసభ మినహాయింపు నీయగా, 1971లో మెరిల్‌విల్ అను వేఱొక పట్టణము పొలిమేరయందే వెలసెను. దుకాణములు, బ్యాంకులు, సినిమాలు, వైద్యులు అటువైపు మరలిరి. బ్రాడ్‌వే చీకటిపడెను.

హాచర్ పాలనయే పతనమునకు కారణమని చెప్పువారు నేటికిని గలరు. ఈ వాదము నిలువదు. కొలిమిలో పద్ధతి మాఱుట మేయరు చేసినది కాదు. విదేశపుటుక్కును ఆయన తేలేదు. పొలిమేరలో క్రొత్తపట్టణమునకు ఆయన అనుమతి నీయలేదు. ఆయన చేతికి వచ్చినది అప్పటికే రెండుగ చీలియున్న ఊరు, ఒకే యజమానిపై నాధారపడిన ఖజానా. లోపములు లేని పాలన యని యెవరును చెప్పరు. ఆ పునాదిమీద ఎంతటివాడైనను ఎంత కట్టగలడో ఆలోచించిన పిమ్మటనే తీర్పు చెప్పుట న్యాయము.

నేటి గేరీలో రాజవీథికి చేరువనే సిటీ మెథడిస్టు చర్చి శిథిలమై నిలిచియున్నది. 1926లో సుమారు పదిలక్షల డాలర్ల వ్యయముతో, కంపెనీ విరాళముకూడ చేరి, అది నిర్మింపబడెను. 1975లో మూతపడెను, 1997లో మంటలపాలాయెను. కప్పు కూలిన ఆ మందిరమున చెట్లు మొలచినవి. దానికి కొలదిదూరముననే సరస్సుతీరమున కొలుములు మండుచున్నవి. 2025 జూన్‌లో ఆ కంపెనీని జపాను దేశపు నిప్పన్ స్టీల్ సుమారు 1,490 కోట్ల డాలర్లకు కొనెను. ఇసుకపై పుట్టిన కర్మాగారమునకు అంత విలువ యున్నది. దానిని నడుపుటకై పుట్టిన ఊరిలో ఖాళీయిండ్లను కూల్చుటకు డబ్బు చాలుట లేదు.

మనకేమి?

ఇది దూరదేశపు కథగ తోచవచ్చును. కాని గేరీ పుట్టిన దశాబ్దముననే మన దేశమునను ఒక ఉక్కుపట్టణము పుట్టెను. 1907లో టాటా కంపెనీ స్థాపింపబడి, 1912లో జంషెడ్‌పూరున ఉక్కు దిగెను. ఆ పట్టణమునకు మొదటి పథకమును గీచినవారు అమెరికాలోని పిట్స్‌బర్గు ఇంజనీర్లే. అచట నీరు, దీపములు, వీథులు మొదలగునవి చాలవఱకు కంపెనీయే చూచుకొనుచు వచ్చినది. అచటను, ఒడిశాలోని రూర్కెలాలోను తెలుగు కుటుంబములు తరతరములుగ బ్రదుకుచున్నవి. 1966 నాటి పోరాటము ఫలితముగ విశాఖపట్టణమున వెలసిన కర్మాగారమును ప్రయివేటువారి పరము చేయవలెనని 2021 జనవరిలో కేంద్రప్రభుత్వము సూత్రప్రాయముగ నిశ్చయించినప్పుడు కలిగిన ఆందోళనయు, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడినప్పుడు కలిగిన ఊరటయు మనమెఱుగుదుము.

ఈ చర్చలయందెల్ల మనము సాధారణముగ అడుగునది ఒక్కటే: కర్మాగారము నిలుచునా? గేరీ మనకు నేర్పునది వేఱొక ప్రశ్న. కర్మాగారము నిలిచినను ఊరు నిలుచునా? ఉక్కు కొలిమి లాభమును వెదకి ఒక చేతినుండి మఱియొక చేతికి పోగలదు. ఊరు పోలేదు. దానికి బడి, నీరు, పన్ను, పలువిధములైన జీవనోపాధి కావలెను. అన్నిటికంటె, రైలుపట్టాలకు ఈవలివారిని ఆవలివారిని ఒకే ఊరివారుగ నెంచు బుద్ధి కావలెను. పునాదినాడే ఇవి యేర్పడనిచో, పిదప కొలిమి ఎంతకాలము మండినను ఆ వెలుగు ఊరిమీద పడదు.