ద్రవ వర్ణలేఖన యంత్రములో పంపు: దాని పోషణ, ప్రక్షాళన

పల్లెటూరి బోరింగు పంపు పిడిని ఎంత ఆడించినను ఒక్కొక్కప్పుడు నీరు రాదు. అపుడు పెద్దలు ఒక చెంబెడు నీరు పైనుండి పంపులో పోసి నాలుగుసార్లు గబగబ కొట్టుదురు. వెంటనే ధార పడును. లోపలి తోలు వాషరు ఎండి, గాలి చొరబడుటయే ఈ చిక్కునకు కారణము. ఔషధములను పరీక్షించు ప్రయోగశాలలలో లక్షల రూపాయల వెలగల ద్రవ వర్ణలేఖన యంత్రములు కలవు. హైదరాబాదు, విశాఖపట్టణము పరిసరములందలి మందుల కర్మాగారములలో ఇవి పగలనక రాత్రియనక పనిచేయుచుండును. వీటిలోని పంపునకు వచ్చు జబ్బులును ఇంచుమించు బోరింగు పంపు జబ్బుల వంటివే. వాటిని, వాటి నివారణను గ్రహించుటకు ఉన్నత పాఠశాలలో నేర్చిన భౌతిక, రసాయన శాస్త్రములు చాలును.

వర్ణలేఖనమునకు పంపు ఏల?

రష్యా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మిహాయిల్ త్స్వెత్ 1903లో ఒక క్రొత్త పద్ధతిని వెల్లడించెను. ఆకులలోని రంగులను ఒక ద్రావణిలో కరిగించి, సుద్దపొడి వంటి పదార్థము నింపిన గాజు గొట్టము ద్వారా పోనీయగా అవి వేర్వేరు పట్టీలుగా విడిపోయెను. 1906లో ఆయన దీనికి క్రొమటోగ్రఫీ, అనగా వర్ణలేఖనము, అని పేరు పెట్టెను. కొన్ని పదార్థములు పొడిని గట్టిగా పట్టుకొని వెనుకబడును. కొన్ని ద్రవముతోపాటు ముందుకు సాగిపోవును. ఇదియే ఈ పద్ధతిలోని కీలకము. తరువాతి కాలమున మార్టిన్, సింజ్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు దీనిని మిక్కిలి అభివృద్ధి చేసి, 1952లో నోబెల్ బహుమతి పొందిరి.

పొడి ఎంత మెత్తనిదైన పదార్థములు అంత చక్కగా విడిపోవును. కాని ద్రవము సాగుట కష్టమగును. రేణువుల వ్యాసము సగమైనచో, అదే వేగముతో ద్రవమును నెట్టుటకు నాలుగు రెట్లు పీడనము కావలెను. నేటి యంత్రములలో 5 మైక్రాన్ల రేణువులను, అంతకంటె చిన్నవానిని కూడ, ఉక్కు గొట్టములో బిగించి నింపుదురు. ఈ గొట్టమునకు స్తంభమని పేరు. నిమిషమునకు 1 మిల్లీలీటరు ద్రవము దీనిగుండ పోవుటకు 100 నుండి 200 వాతావరణముల పీడనము సామాన్యముగ అవసరమగును. 10 మీటర్ల ఎత్తుగల నీరు సుమారు ఒక వాతావరణ పీడనమును కలిగించును. కనుక 200 వాతావరణములనగా రెండు కిలోమీటర్ల లోతు నీటి అడుగున ఉండునంత ఒత్తిడి. ద్రవము తన బరువుచేత తాను జారుట వలన ఇది జరుగదు. పంపు కావలెను.

పంపు నిర్మాణము

పంపు తలలో ఒక చిన్న గది ఉండును. అందులో పెన్సిలు కంటె సన్నని ముషలకము ముందుకు వెనుకకు ఆడును. పెక్కు పంపులలో దీనిని కృత్రిమ నీలమణితో చేయుదురు. గదికి క్రింద ఒకటి, పైన ఒకటి కవాటములుండును. కవాటమనగా నీలమణి పీటపై కూర్చున్న చిన్న కెంపు గోళి. కెంపు, నీలము రెండును అల్యూమినియం ఆక్సైడు రూపములే; గట్టిదనములో వజ్రమునకు తరువాత చెప్పదగినవి. ముషలకము వెనుకకు పోయినపుడు క్రింది గోళి లేచి ద్రవము లోనికి వచ్చును. పై గోళి మూసికొనును. ముందుకు వచ్చినపుడు క్రింది గోళి మూసికొని, పై గోళి లేచి ద్రవము స్తంభమునకు పోవును. ముషలకము చుట్టును ప్లాస్టికుతో చేసిన సీలు బిగువుగ నుండి, ద్రవము వెనుకకు కారకుండ చేయును. బోరింగులోని తోలు వాషరు చేయు పని ఇదియే.

ముషలకము ఒక ఊపునకు 50 మైక్రోలీటర్లు నెట్టుననుకొందము. నిమిషమునకు 1 మి.లీ. పోవలెనన్న 20 ఊపులు కావలెను. ఎనిమిది గంటలలో 9,600 ఊపులు! అన్ని సార్లును సీలు రాపిడికి లోనగుచునే యుండును. దానిని ఎట్లు కాపాడవలెనో ఇక చూతము.

ప్రవాహము తగ్గినచో నేమి?

500 మిల్లీగ్రాముల మందు ఉండవలసిన ఒక మాత్రను తీసికొందము. దానిలో 475 మి.గ్రా.కు తక్కువ, 525 మి.గ్రా.కు ఎక్కువ ఉండరాదని నియమమున్నదనుకొందము. మందు స్తంభము దాటి అతినీలలోహిత కాంతి పడు చిన్న గదిలోనుండి పోవునపుడు, యంత్రము ఒక శిఖరమును గీయును. శిఖర వైశాల్యమును బట్టి మందు పరిమాణమును లెక్కింతురు. ప్రవాహము మందగించినచో మందు ఆ గదిలో ఎక్కువసేపు నిలుచును, వైశాల్యము పెరుగును. ప్రమాణ ద్రావణమును పరీక్షించిన పిదప పంపు కారి, ప్రవాహము నూటికి 5 వంతులు తగ్గినదనుకొనుడు. అపుడు 470 మి.గ్రా. మాత్రమే గల మాత్ర సుమారు 495 మి.గ్రా. గలదానివలె కనిపించును. త్రోసివేయవలసిన మందు నిరాటంకముగ రోగిని చేరును. ఒక చిన్న సీలు అరుగుదల ఫలితమిది.

పంపునకు ముగ్గురు శత్రువులు

మొదటిది గాలి. ద్రవమును నొక్కినచో దాని ఘనపరిమాణము తగ్గుట అత్యల్పము. గాలి మాత్రము బాయిల్ నియమము ననుసరించి కుంచించుకొనును. పంపు తలలో బుడగ చేరినచో ముషలకపు శ్రమ దానిని నొక్కుటకే సరిపోవును, ద్రవము కదలదు. అందుచేత ద్రవములను ముందుగనే శూన్యము ద్వారా గాని, హీలియం వాయువును పంపి గాని వాయురహితము చేయుదురు. అయినను బుడగ చేరినచో, స్తంభమునకు పోకుండ ద్రవమును బయటికి వదలు మరను తెరచి, పంపును వేగముగ నడిపి బుడగను వెడలగొట్టుదురు. చెంబెడు నీరు పోసి బోరింగును గబగబ కొట్టుటకు ఇది సోదరి వంటి క్రియ.

రెండవది లవణము. పరీక్షలలో తరచుగా ఫాస్ఫేటు లవణములు కరిగిన నీటిని వాడుదురు. ముషలకముపై పలుచని తడి పొర సీలు వెనుకకు చేరి ఆరును. లవణము స్ఫటికములుగ మిగులును. అవి గరుకు కాగితము వలె సీలును గీకివేయును. యంత్రమును సాయంకాలము లవణజలముతోనే ఆపివేసి ఇంటికి పోయినచో మరునాడు ఉదయము నష్టము సిద్ధముగ నుండును.

మూడవది మురికి. ద్రవములోని దుమ్ము, నిలువ నీటిలో పెరిగిన సూక్ష్మజీవులు గోళికిని పీటకును నడుమ చిక్కుకొనును. కనుక లవణజలమును 0.45 మైక్రాన్ల రంధ్రములుగల పొరతో వడపోయవలెను. పాతదానిలో క్రొత్తది కలుపక, సీసా కడిగి ఎప్పటికప్పుడు తాజాగ చేసికొనవలెను.

ప్రక్షాళన క్రమము

పని ముగియగనే మొదట నీరు 90 వంతులు, మిథనాలు 10 వంతులు కలిపిన ద్రవమును సుమారు అరగంట పంపవలెను. నీరు లవణమును కరిగించి కొనిపోవును. ఆ పిమ్మట మిథనాలు భాగము హెచ్చుగ నున్న ద్రవమును పంపి, దానితో నింపి యుంచవలెను. అందు సూక్ష్మజీవులు పెరుగవు. ఈ వరుస తప్పరాదు. లవణజలము పిమ్మట వెంటనే శుద్ధమైన ఎసిటోనైట్రైలును గాని, మిథనాలును గాని పంపినచో లవణము కరగియుండజాలక అక్కడనే అవక్షేపమై కవాటములను, వడపోత బిళ్లలను, స్తంభమును మూసివేయును.

కొన్ని పంపులలో సీలు వెనుక భాగమును కడుగుటకు వేరు మార్గముండును. నీటిలో నూటికి 10 వంతుల ఐసోప్రొపనాలు కలిపి అందులో నడుపుదురు. నీటితో కలియని హెక్సేను వంటి ద్రవమునుండి నీటికి మారవలసివచ్చినచో నడుమ ఐసోప్రొపనాలుతో కడుగుదురు. అది రెండింటితోను కలియును.

జబ్బును గుర్తించుట

పీడనము ఊపు ఊపునకును ఎగిరిపడుచున్నచో బుడగ గాని, కవాటములో మురికి గాని ఉన్నదని శంకింపవచ్చును. పీడనము క్రమముగ తగ్గుచు, పంపు తల వెనుక తడి కనిపించినచో సీలు అరిగినదని భావింపవలెను. పీడనము పెరుగుచున్నచో ఎక్కడనో అడ్డు ఏర్పడినది. తుది పరీక్ష మిక్కిలి సులభము. పంపును నిమిషమునకు 1 మి.లీ. చొప్పున నడిపి, 10 మి.లీ. ఫ్లాస్కు ఎంతసేపటికి నిండునో గడియారముతో చూడవలెను. సరిగా 10 నిమిషములు పట్టవలెను. పదిన్నర నిమిషములు పట్టినచో ప్రవాహము నూటికి దాదాపు 5 వంతులు తగ్గినట్లే. పైన చెప్పిన మాత్ర విషయములో పొరపాటునకు ఇంతే చాలును.

తరగతిలో ఒక ప్రయోగము

ఉప్పును ఇక కరగనంతవరకు నీటిలో కరిగించి, తేట ద్రావణమును పరీక్షనాళికలో పోయవలెను. దానికి అంతే ఈథైల్ ఆల్కహాలు కలిపి కుదుపవలెను. తెల్లని ఉప్పు రేణువులు వెంటనే విడిపోయి అడుగునకు దిగును. ఆల్కహాలు మండు ద్రవము, దరిదాపులలో దీపముండరాదు. ఇప్పుడు రేణువులపై కొంచెము నీరు పోసి చూడుడు. అవి మరల కరగిపోవును. లవణజలము తరువాత ముందు నీటితోను, పిమ్మటనే మిథనాలుతోను పంపును ఏల కడుగవలెనో విద్యార్థులు ఈ ఒక్క నాళికలో కన్నులార చూడవచ్చును.