ముహూర్తం వేళ ఆగని కెమెరాయే మేలు

అమీర్‌పేట: పెళ్లిళ్ల సీజన్‌కు ముందు అప్పు చేసి అమీర్‌పేట, పంజాగుట్టల్లో వీడియో కెమెరా కొనే ఫొటోగ్రాఫర్లు ధర ఒక్కటే చూస్తే నష్టపోయే ప్రమాదముంది. 2008లో నికాన్ డి90తో డీఎస్‌ఎల్‌ఆర్‌లకు వీడియో సదుపాయం వచ్చింది. ఫొటోల లెన్సులే వీడియోకూ ఉపయోగపడటంతో ఖర్చు కలిసొచ్చింది. అయితే పాత మోడళ్లు చాలావరకు ఏకబిగిన అరగంటకు మించి రికార్డు చేయవు. అంతకు మించితే అప్పట్లో ఐరోపాలో వీడియో కెమెరాగా లెక్కగట్టి అదనపు సుంకం విధించేవారు, ఇందుకు ప్రధాన కారణం అదే. జీలకర్ర-బెల్లం నుంచి తలంబ్రాల వరకు సాగే తంతుకు ఆ వ్యవధి చాలదు.

తక్కువ ధరలో కొనేవారు మైక్ సాకెట్, రెండు కార్డులు పెట్టే వీలు ఉన్నాయో లేదో చూడాలి. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీసే 4కె వీడియోకు గంటకు 45 జీబీ అవసరం. వాడిన కెమెరా అయితే దుకాణంలోనే గంటసేపు రికార్డు చేసి, వేడెక్కి ఆగుతుందేమో పరీక్షించాలి. ఫొటో మళ్లీ తీయవచ్చు, ముహూర్తం మళ్లీ రాదు.