మీర్ ఆలం చెరువు చెంత మూషిక జింకలు

చార్మినారుకు అనతిదూరమున, మీర్ ఆలం చెరువు నానుకొని నెహ్రూ జంతు ప్రదర్శనశాల కలదు. 1963లో ప్రారంభమైన ఈ ఉద్యానమున బాలురు మొదట సింహమును, ఏనుగును వెదకుదురు. ఇంచుమించు 3 కిలోల బరువు తూగు మూషిక జింక ఎవరి కంటను తేలికగా పడదు. దానికి కొమ్ములు లేవు. చీకటిలో తిరుగుట, పగలు పొదలలో దాగుటయే దాని రక్షణ.

ఈ జాతిని వృద్ధి చేయుటకై 2010లో జంతుశాల వారును, సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులును పూనుకొనిరి. ఆరంభమున నున్నవి 6 జంతువులు మాత్రమే. పట్టి రక్తము తీసినచో ఈ పిరికిప్రాణి బెదరిపోవును. కావున అది విసర్జించిన మలమును పరీక్షించి, అందలి హార్మోనుల హెచ్చుతగ్గులను బట్టి గర్భమును గుర్తించిరి.

గర్భము సుమారు 5 నెలలు. సాధారణముగ ఒక్కటే పిల్ల. వింత యేమనగా, ఈనిన కొద్ది గంటలకే తల్లి మరల చూలుకు సిద్ధమగును. ఒకవంక పాలిచ్చుచునే మరొకవంక మరుపిల్లను మోయగలదు.

ఐనను కొలది జంతువుల సంతతియే పెరుగునపుడు, దగ్గరి రక్తసంబంధము గలవి జతకూడి వంశము బలహీనపడు ముప్పు కలదు. జంటలను ఎంచి కూర్చుట అందుచే ముఖ్యము.

2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యమునకు చేర్చిరి. పుట్టుట ఒక ఎత్తు. చిరుతపులి నెరుగని జీవి అడవిలో బ్రతుకుట మరొక ఎత్తు. ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పదగిన పాఠ మిదియే: పిల్లలు పుట్టినంతనే జాతి నిలువదు, వానితోపాటు అడవియు నిలువవలెను.