దేవకాంచనపు ఆకులపై గుండ్రని కోతలు

పెరటియందును తోటల అంచులయందును పూవుల సొగసుకై పెంచు దేవకాంచనపు చెట్టున నొక్కొక్కప్పుడు ఆకుల అంచులు కత్తెరతో కత్తిరించినట్లు గుండ్రముగా తెగియుండును. చూచినవారు పురుగు పట్టినదని తలచి, పంటకై తెచ్చిన మందులో మిగిలినదానిని చెట్టుపై చల్లుట కలదు. ఆ పనికి పూనుకొనకమునుపు రైతు సోదరులు తెగిన ఆకు నొకదానిని కోసి పరీక్షింపవలెను.

గొంగళిపురుగు తినిన ఆకునకు అంచు సమముగా నుండదు. మెత్తని భాగము పోయి ఈనెలు మిగులును. క్రింది ఆకులపై నల్లని పెంటికలు రాలియుండును. ఆకు త్రిప్పి చూచినచో తరచుగా పురుగే కానవచ్చును. ముక్కుపురుగు అంచు వెంబడి చిన్నచిన్న గంట్లు పెట్టును, అవియు వంకరటింకరలే. ఆకుపొరల నడుమ తొలుచు పురుగైనచో తెల్లని పామువంటి గీతలు పడును. అట్లుగాక, కోత అర్ధచంద్రాకారముగ నున్నగా నుండి, పెంటికగాని పురుగుగాని కనుపింపనిచో, అది ఆకు కత్తిరించు తేనెటీగ పనియని గ్రహింపవలెను.

ఈ యీగ ఆకును తినదు, పట్టు పెట్టదు, గుంపుగూడి యుండదు. ఆడ యీగ యొంటిగా వచ్చి, ఆకుముక్కను దవడలతో కోసి, కాళ్ల నడుమ నిరికించుకొని యెగిరిపోవును. వెదురు గొట్టమునందో, ఎండుకొయ్యకు పడిన రంధ్రమునందో, గోడ సందునందో ఆ ముక్కలను చుట్టి చిన్న గది కట్టును. అందు పుప్పొడియు మకరందమును కలిపిన ముద్ద నుంచి, దానిపై నొక గ్రుడ్డు పెట్టి మూత వేయును. కోలగా కోసిన ముక్కలు గోడలకు, గుండ్రనివి మూతకు. వడ్రంగి సైతము మెచ్చదగిన పని యిది! పుప్పొడిని కాళ్లకు గాక పొట్ట యడుగు వెండ్రుకలకు అంటించుకొనుట దీని గుర్తు.

మనకు దీనితో గల పని కందిచేనియందు కలదు. కందిపూవు తన పుప్పొడితోనే కాయ కట్టగలదు. కాని యొక మొక్క పుప్పొడిని వేరొక మొక్కకు చేర్చునవి తేనెటీగలు. వానిలో నీ జాతియు ముఖ్యమైనది. సంకర విత్తనము పండించుచోట, పనికివచ్చు పుప్పొడి లేని వరుసలకు దాని నందించునవి యీ యీగలే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థవారు రూపొందింపగా 2010లో మధ్యప్రదేశమున విడుదలయైన ఐ.సి.పి.హెచ్. 2671 రకపు విత్తనము ఇట్లు పండునదే. సొంత విత్తనము నిలుపుకొను రైతునకు మాత్రము ఇందొక చిక్కు కలదు. ప్రక్కచేని రకము కలిసిపోవును. అట్టివారు విత్తనపు మడిని ఎడముగా వేసికొనవలెను.

ఎదిగిన చెట్టునకు ఈ కోతలవలన చెప్పదగిన నష్టము లేదు. ఈగ ఆకును తినదు గనుక ఆకుపై చల్లిన మందు కోతల నాపజాలదు. పూవులపై పడినచో మాత్రము మేలుచేయు ఈగలు చచ్చును. లేత మొక్కయైనచో కొన్నివారములు పలుచని వలగుడ్డ కప్పిన చాలును. కందికి కాయతొలుచు పురుగు తగిలి మందు తప్పనిసరియైనచో, సాయంకాలమున ఈగలు మరలిన పిదప చల్లవలెను. వీనిని చేనియొద్ద నిలుపుకొనగోరువారు ఒక కొన మూసియు నొక కొన తెరచియు నున్న సన్నని ఎండు వెదురు గొట్టములను కట్టగట్టి, వాన తగులని చూరుక్రింద వ్రేలాడగట్టవచ్చును.