ఎంపిక మైదానంలో పుట్టిన నెల

అమెరికాలో సాకర్ అని వ్యవహరించే ఫుట్‌బాల్ క్రీడలో మేటి ఆటగాళ్లను చిన్నతనంలోనే గుర్తించి తీర్చిదిద్దేందుకు గత అర్ధశతాబ్దిలో అనేక వ్యవస్థలు ఏర్పడ్డాయి. 1977లో మొదలైన ఒలింపిక్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్, 2007 నుంచి 2020 వరకు నడిచిన డెవలప్‌మెంట్ అకాడమీ, దాని తరువాత వచ్చిన ఎంఎల్ఎస్ నెక్స్ట్ వీటిలో ముఖ్యమైనవి. నిర్వహణలో ఒకదానికొకటి వేరైనా వీటన్నిటికీ వాకిలి వంటిది ట్రయల్స్ అనే ఎంపిక పోటీ. నంబర్లు వేసిన బిబ్‌లు తొడిగిన పిల్లలను చిన్న చిన్న జట్లుగా విడదీసి ఒకటి రెండు రోజులు ఆడిస్తుండగా, గీత బయట నిలబడిన కోచ్‌లు అట్టకు బిగించిన కాగితాలపై మార్కులు వేస్తారు. ఆ మార్కులను బట్టి కొందరికి మెరుగైన శిక్షణ, దీటైన ప్రత్యర్థులు, పెద్ద వేదికలు దక్కుతాయి. తక్కినవారు ఇంటిదారి పడతారు. డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ వరుసల్లో నిలబడుతున్నారు గనుక, ఈ ఎంపిక ఎంతవరకు న్యాయమైనదన్న ప్రశ్న తెలుగు ఇళ్లకూ దూరమైనది కాదు.

ట్రయల్స్‌పై తల్లిదండ్రులు చేసే ఫిర్యాదుల్లో ఎక్కువగా వినిపించేది పక్షపాతం, అంటే కోచ్ తన క్లబ్ పిల్లలనే తీసుకున్నాడన్న ఆరోపణ. అటువంటివి అసలే జరగవని చెప్పలేము గాని, నాలుగు దశాబ్దాల పరిశోధన అంతకంటె లోతైన లోపాన్ని బయటపెట్టింది. ఏ దురుద్దేశమూ లేని అనుభవజ్ఞుడైన కోచ్ సైతం, ప్రతిభను కొలుస్తున్నానని నమ్ముతూనే, చాలా సందర్భాల్లో పిల్లల వయస్సునూ శరీర పరిపక్వతనూ కొలుస్తుంటాడు. అందువల్ల ట్రయల్స్‌లో న్యాయాన్ని కోచ్ మంచితనానికి వదిలివేస్తే చాలదు. కొలిచే పద్ధతిలోనే దానిని అమర్చవలసి ఉంటుంది.

కటాఫ్ తేదీ చేసే పని

పిల్లల క్రీడల్లో వయోవిభాగాలు ఏర్పరచడానికి ఏదో ఒక తేదీని హద్దుగా పెట్టక తప్పదు. ఆ హద్దు జనవరి 1 అయితే, 2015 జనవరి 2న పుట్టిన బాలుడూ అదే ఏడాది డిసెంబరు 28న పుట్టిన బాలుడూ ఒకే జట్టు కోసం పోటీపడతారు. 2025 మే నెలలో ట్రయల్స్ జరిగితే మొదటివాడికి పదేళ్ల నాలుగు నెలలు నిండి ఉంటాయి, రెండవవాడికి తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. ఈ తేడా చిన్నవాడు అప్పటిదాకా బతికిన కాలంలో పదో వంతుకు పైమాటే. ఆ ఈడులో పిల్లలు ఏడాదికి సుమారు ఐదారు సెంటీమీటర్లు ఎదుగుతారు. పరుగు, బంతిని తన్నే బలం, ఎదుటివాడిని తట్టుకుని నిలబడే శక్తి, సూచనను విని అర్థం చేసుకునే ఓపిక కూడా ఆ ఏడాదితో పాటే పెరుగుతాయి. కటాఫ్ తేదీ దాటిన వెంటనే పుట్టిన పెద్ద పిల్లలకు ఈ విధంగా దక్కే అనుకూలతను సాపేక్ష వయోప్రభావం అంటారు.

ఈ ప్రభావాన్ని స్పష్టంగా లోకం ముందుంచినది కెనడా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ బృందం. ఆయన, సహచరులు 1985లో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన తేదీలను లెక్కగట్టగా, మేటి జట్లలో సంవత్సరం తొలి నెలల్లో పుట్టినవారు అధికంగానూ చివరి నెలల్లో పుట్టినవారు అతి తక్కువగానూ కనిపించారు. ఫుట్‌బాల్‌లోనూ ఇదే ధోరణి దేశదేశాల్లో వెల్లడైంది. సెప్టెంబరు 1 హద్దుగా ఉన్న ఇంగ్లండ్‌లో వృత్తి క్లబ్‌ల అకాడమీలకు ఎంపికైన బాలురలో సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో పుట్టినవారే నలభై శాతం లేదా అంతకంటె ఎక్కువ ఉంటారు. పుట్టుకలు ఏడాది పొడవునా దాదాపు సమానంగా పరచుకుని ఉంటాయి గనుక, న్యాయమైన వాటా ఇరవై ఐదు శాతం దగ్గర ఉండాలి.

పుట్టిన రుతువు ప్రభావమో, వాతావరణ ప్రభావమో దీనికి కారణం కావచ్చునన్న అనుమానం సహజమే. 1999లో యోఖెన్ ముష్, రాయ్ హే అనే పరిశోధకులు జర్మనీ, జపాన్, బ్రెజిల్, ఆస్ట్రేలియాల ఆటగాళ్లను పోల్చి చూసి ఆ అనుమానాన్ని తీర్చారు. రుతువులు, సంస్కృతులు, పాఠశాల క్యాలెండర్లు వేర్వేరుగా ఉన్న ఈ నాలుగు దేశాల్లోనూ ఆధిక్యం ఆయా దేశాల కటాఫ్ తేదీ వెంటే నడిచింది. ఏప్రిల్‌లో లెక్క మొదలయ్యే జపాన్‌లో ఏప్రిల్ మొదలుకొని తొలి నెలల్లో పుట్టినవారు ముందున్నారు. బెల్జియం 1997లో తన హద్దును ఆగస్టు 1 నుంచి జనవరి 1కి మార్చినప్పుడు వెర్నర్ హెల్సన్ బృందం గమనించినదీ ఇదే. అంతకు ముందు లాభపడిన ఆగస్టు పిల్లల ఆధిక్యం తగ్గి, జనవరి పిల్లలు ముందుకొచ్చారు. జన్మనక్షత్రానికి ఇందులో పాత్ర లేదు. కార్యాలయంలో కూర్చుని ఎవరో రాసిన ఒక తేదీ కొన్ని వేలమంది పిల్లల అవకాశాలను అటునుంచి ఇటు మార్చింది.

అమెరికా కూడా ఈ హద్దును పదేళ్లలో రెండుసార్లు జరిపింది. ఆగస్టు 1 నుంచి లెక్కించే పాత పద్ధతిని వదిలి, 2017 నాటికి అన్ని జట్లూ పుట్టిన సంవత్సరాన్నే ప్రాతిపదికగా తీసుకోవాలని జాతీయ సమాఖ్య 2015లో ఆదేశించింది; 2026-27 సీజన్ నుంచి ప్రధాన యువ సంస్థలు తిరిగి ఆగస్టు 1కి మళ్లుతున్నాయి. తరగతి స్నేహితులు ఒకే జట్టులో ఆడగలగడం ఈ మార్పుకు మంచి కారణమే గాని, న్యాయం దృష్టితో చూస్తే జరిగేది ఒక్కటే: నష్టం నవంబరు, డిసెంబరు పిల్లల నుంచి జూన్, జులై పిల్లలకు బదిలీ అవుతుంది.

ఎముకల వయస్సు

పుట్టిన తేదీ ఒక్కటే సమస్య అయి ఉంటే పరిష్కారం తేలికగానే దొరికేది. పదకొండు, పన్నెండేళ్ల నుంచి మరొక తేడా తోడవుతుంది. క్యాలెండర్ ప్రకారం ఒకే వయస్సున్న పిల్లలు శరీరపు ఎదుగుదలలో ఒకే మెట్టుపై ఉండరు. ఎముకలు, కండరాలు, హార్మోన్లు చేరుకున్న స్థితిని బట్టి నిర్ణయించే వయస్సును జీవవయస్సు అంటారు. పదమూడేళ్ల బాలుర గుంపులో ఈ జీవవయస్సు తేడా నాలుగైదేళ్ల దాకా ఉండవచ్చు. ఎత్తు అత్యంత వేగంగా పెరిగే దశ బాలికల్లో సగటున పన్నెండేళ్లకు, బాలురలో పద్నాలుగేళ్ల ప్రాంతంలో వస్తుంది, కాని కొందరికి రెండేళ్లు ముందుగానూ మరికొందరికి రెండేళ్లు ఆలస్యంగానూ రావడం పూర్తిగా ఆరోగ్యకరమైన విషయమే. స్వల్పకాలిక వరినీ దీర్ఘకాలిక వరినీ పక్కపక్క మళ్లలో నాటి, ఒకే రోజున రెండింటి గింజనూ తూచి ఏది మేలైనదో తేల్చడం ఎలాంటిదో, పదమూడేళ్ల పిల్లలను ఒక్క రోజు ఆట చూసి విభజించడం అలాంటిది.

ఆ వేగవంతమైన ఎదుగుదల జరుగుతున్న నెలల్లో బాలుడు ఏడాదికి తొమ్మిది, పది సెంటీమీటర్ల చొప్పున పెరుగుతాడు. కాళ్లు ముందుగా సాగి, నడుము, కండరాలు ఆ కొలతకు అలవాటుపడేలోగా, అంతకు ముందు సులువుగా అదుపు చేసిన బంతి కొంతకాలం కాలికి అందకుండా పోవచ్చు. మోకాలి కింది ఎముక దగ్గర నొప్పి రావడం కూడా ఈ దశలో సాధారణమే. ట్రయల్స్ రోజు ఆ దశలో ఉన్న పిల్లవాడు మొద్దుగా కనబడితే, ఆ మొద్దుతనం తాత్కాలికమని మార్కుల కాగితం చెప్పదు.

మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయస్సు నిర్ణయించే టీడబ్ల్యూ3 పద్ధతి గురించి భారతీయ పాఠకులు క్రికెట్ సందర్భంలో వినే ఉంటారు. 2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 ప్రపంచకప్‌లో ఫిఫా ఎమ్మారై ద్వారా మణికట్టును పరీక్షించింది. ఈ పరీక్షల ఉద్దేశం వయస్సు దాచినవారిని పట్టుకోవడం. నిజాయితీగా పుట్టిన తేదీ చెప్పిన పిల్లల మధ్య సహజంగా ఉండే జీవవయస్సు తేడాను ఎంపికలో లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచన మాత్రం ఇటీవలిదే.

చూసేవారి కన్ను

కొలిచే సాధనంగా మనిషి కన్నును వాడేటప్పుడు దాని పరిమితులనూ గుర్తించాలి. ఒక గుణం బాగా కనబడితే తక్కిన గుణాలూ బాగున్నాయని మనస్సు ఊహించుకోవడాన్ని హేలో ప్రభావం అంటారు. పొడవైన, వేగమైన బాలుడు మొదటి పది నిమిషాల్లో రెండు గోల్స్ కొడితే, అతడి పాస్‌లకూ ఆలోచనకూ కూడా ఎక్కువ మార్కులు పడతాయి. 1950లలో ఇజ్రాయెల్ సైన్యపు ఇంటర్వ్యూలను సంస్కరించిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డేనియల్ కానమన్ సూచించిన మార్గం ఇక్కడా పనికొస్తుంది: గుణాలను ముందే వేర్వేరుగా నిర్వచించుకుని, ఒక్కొక్కదానికి విడిగా మార్కు వేసి, మొత్తం అభిప్రాయాన్ని చివరికి వాయిదా వేయాలి.

పరిశీలనల సంఖ్య మరొక అంశం. ప్రతి పరిశీలనలోనూ ఆనాటి నిద్ర, ఎండ, జతగా దొరికిన తోటివారు, అదృష్టం వంటి యాదృచ్ఛిక దోషాలు కలుస్తాయి. స్వతంత్రమైన పరిశీలనల సగటు తీస్తే ఈ దోషం పరిశీలనల సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుందని గణాంకశాస్త్రం చెబుతుంది. అంటే నాలుగుసార్లు చూస్తే దోషం సగమవుతుంది. అయితే నలుగురు కోచ్‌లు ఒకచోట నిలబడి మాట్లాడుకుంటూ మార్కులు వేస్తే అవి నాలుగు పరిశీలనలు కావు, ఒకే అభిప్రాయానికి నాలుగు ప్రతులు. పైగా సగటు తీయడం వల్ల యాదృచ్ఛిక దోషం తగ్గుతుందే తప్ప, అందరూ ఒకే దిక్కుకు మొగ్గే దోషం, అంటే పెద్ద పిల్లలవైపు మొగ్గడం, తగ్గదు.

ఆ మొగ్గును సరిచేయడానికి డేవిడ్ మాన్, ప్లూన్ వాన్ గినెకెన్ 2017లో ప్రచురించిన ప్రయోగం ఎంతో విలువైనది. డచ్ క్లబ్ ఒకదానికి చెందిన ప్రతిభాన్వేషకులకు బాలుర మ్యాచ్‌లు చూపించి ఆటగాళ్లకు ర్యాంకులు ఇవ్వమన్నారు. ఒక బృందానికి వయస్సు వివరాలేవీ ఇవ్వలేదు. మరొక బృందానికి పుట్టిన తేదీల జాబితా ఇచ్చారు. మూడవ బృందం చూసిన మ్యాచ్‌లో చొక్కాల నంబర్లే వయస్సు క్రమంలో ఉన్నాయని, నంబరును బట్టి ఎవరు పెద్దో ఎవరు చిన్నో తెలుస్తుందని ముందే చెప్పారు. జాబితా చేతిలో ఉన్నవారు కూడా పెద్ద పిల్లలనే ఎంచుకున్నారు. నంబర్లు వయస్సు చెప్పిన బృందంలో మాత్రం ఆ మొగ్గు మాయమైంది. కాగితంపై ఉన్న సమాచారం ఆట జోరులో మరుగున పడిందని, తీర్పు రూపుదిద్దుకుంటున్న క్షణాన కంటి ముందున్న సమాచారమే పనిచేసిందని దీన్ని బట్టి గ్రహించవచ్చు. ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేకుండా ఏ మైదానంలోనైనా అమలు చేయగల మార్పు ఇది.

తిరస్కరణ తరువాత

ఎంపికలో జరిగే చిన్న పొరపాటు చిన్నదిగానే మిగలదు. ఎంపికైన బాలుడికి వారంలో ఎక్కువ గంటల శిక్షణ దొరికి, మరుసటి ఏడాదికి అతడు నిజంగానే మెరుగవుతాడు. తొలి తీర్పు సరైనదేనని అందరికీ రుజువు దొరికినట్లు కనిపిస్తుంది. తిరస్కరణకు గురైనవాడు ఆటనే వదిలేస్తే, పోగొట్టుకున్న ప్రతిభ ఏ రికార్డులోనూ నమోదు కాదు. అమెరికాలో దీనికి డబ్బు కూడా తోడవుతుంది: క్లబ్ రుసుములు, ప్రయాణాలు కలిపి ఏటా వేల డాలర్లు వెచ్చించగల కుటుంబాలే ట్రయల్స్ దాకా రాగలుగుతున్నప్పుడు, మైదానంలో ఎంత నిష్పాక్షికంగా మార్కులు వేసినా గేటు బయట మిగిలిపోయినవారికి న్యాయం అందదు.

తొలి తీర్పులు ఎంత తాత్కాలికమో చూపే ఉదాహరణలకు కొదవ లేదు. 1993 జులై 28న పుట్టి, ఇంగ్లండ్ లెక్కలో తన విభాగంలో అతి చిన్నవారిలో ఒకడైన హ్యారీ కేన్‌ను చిన్నతనంలోనే ఆర్సెనల్ అకాడమీ వదులుకుంది. 2023లో ఆయన ఇంగ్లండ్ జాతీయ జట్టు తరఫున అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడయ్యాడు. ఒక్క ఉదాహరణతో సూత్రం నిర్ధారణ కాదు గాని, గణాంకాలూ ఇదే దిక్కును చూపుతున్నాయి. జర్మనీ వృత్తి ఆటగాళ్ల వేతనాలపై 2007లో వెలువడిన అధ్యయనంలో, కటాఫ్ ప్రకారం ఆలస్యంగా పుట్టినా వడపోతలో నిలిచినవారు సగటున ఎక్కువ వేతనం పొందుతున్నట్లు తేలింది. పెద్దవారితో పోటీపడుతూ నైపుణ్యాన్ని, ఓర్పును పెంచుకోవలసి రావడం దీనికి ఒక కారణమైతే, అసాధారణ ప్రతిభ ఉంటే తప్ప చిన్నవారు వడపోతలో మిగలకపోవడం మరొకటి. అయితే నిలిచిన కొద్దిమందిని చూపి, జారిపోయిన అనేకుల నష్టాన్ని సమర్థించడం తగదు.

సరిదిద్దే మార్గాలు

ఇటీవల ఎక్కువగా చర్చకు వస్తున్న పద్ధతి బయోబ్యాండింగ్, అంటే పిల్లలను పుట్టిన ఏడాదిని బట్టి కాక పరిపక్వతను బట్టి జట్లుగా కూర్చడం. 1994లో ప్రచురితమైన ఖామిస్-రోష్ పద్ధతి బాలుడి ప్రస్తుత ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తుల సగటు ఆధారంగా పెద్దయ్యాక ఎంత ఎత్తు ఉంటాడో అంచనా వేస్తుంది; ఆ ఎత్తులో ఇప్పటికి ఎంత శాతం చేరుకున్నాడన్నదే పరిపక్వతకు కొలమానం. ఎక్స్‌రే అవసరం లేదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ నాలుగు క్లబ్‌లకు చెందిన 11 నుంచి 14 ఏళ్ల బాలురలో 85 నుంచి 90 శాతం ఎత్తు చేరుకున్నవారిని కలిపి ఆడించినప్పుడు, ముందుగా ఎదిగినవారు బలంతో నెగ్గే వీలు లేక పాస్‌లపైనా ఆలోచనపైనా ఆధారపడవలసి వచ్చిందని, ఆలస్యంగా ఎదుగుతున్నవారికి తమ నైపుణ్యాన్ని, నాయకత్వాన్ని చూపే వీలు చిక్కిందని ఆటగాళ్లే చెప్పారు. రెండు వర్గాలకూ ఇది మేలు చేసిందన్నది గమనించదగ్గ విషయం. బెల్జియం సమాఖ్య ఆలస్యంగా ఎదిగేవారి కోసం ఫ్యూచర్స్ పేరుతో సమాంతర యువజట్లను కూడా నడిపింది.

ఈ పద్ధతులకూ హద్దులున్నాయి. ఎత్తు అంచనాలో కొన్ని సెంటీమీటర్ల తేడా సహజం. ఖామిస్-రోష్ సూత్రాన్ని అమెరికాలోని ఒక శ్వేతజాతి సమూహపు కొలతల నుంచి రూపొందించారు గనుక భారతీయ సంతతి పిల్లలకు వర్తింపజేసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. పైగా బయోబ్యాండింగ్ పరిపక్వత తేడాను తగ్గిస్తుందే గాని, ఆరేడేళ్ల వయస్సు నుంచే మొదలయ్యే సాపేక్ష వయోప్రభావాన్ని తీర్చలేదు. అందుచేత ఏ ఒక్క ఉపాయంతోనో సరిపెట్టక, వయస్సు క్రమంలో నంబర్లు, వేర్వేరు రోజుల్లో పలుమార్లు పరిశీలన, విడివిడిగా వేసే మార్కులు, ఏటా తిరిగి తెరిచే ప్రవేశం, రుసుము కట్టలేనివారికి మినహాయింపు కలిసి పనిచేయాలి.

తల్లిదండ్రులు ట్రయల్స్‌కు ముందు నిర్వాహకులను అడగదగిన ప్రశ్నలూ ఇవే: ఎందరు కోచ్‌లు ఎన్నిసార్లు చూస్తారు, పుట్టిన నెలను లెక్కలోకి తీసుకుంటారా, తిరస్కరించిన పిల్లలకు మళ్లీ ఎప్పుడు అవకాశం ఇస్తారు. అండర్-14, అండర్-17 విభాగాలకు ఒకటి రెండు రోజుల్లో ఎంపికలు ముగించే మన రాష్ట్రాల క్రీడా సంఘాలకూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి. పదేళ్ల పిల్లవాడి భవిష్యత్తుపై ఒక్కరోజులో తుదితీర్పు ఇచ్చేంత జ్ఞానం ఏ శాస్త్రానికీ ఇంకా లేదు గనుక, తలుపు మూయడంలో తొందరపడకపోవడమే ఎంపిక చేసేవారు పాటించవలసిన మొదటి న్యాయం.