ఇరవై తొమ్మిది గంటల గుట్టు!

ఆన్‌లైన్‌లో దరఖాస్తు సగం నింపారు. ఉన్నట్టుండి 'మళ్లీ లాగిన్ అవ్వండి' అంటుంది. విసుగే మరి! అవతల సర్వర్‌లో ప్రోగ్రామ్ ఆగి మళ్లీ మొదలైతే దాని మెమరీలోని మీ వివరాలు గల్లంతే.

వైరస్సేమోనని కంగారు పడేముందు గడియారం చూడాలి. మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ సర్వర్, సెట్టింగ్ ఎవరూ మార్చకపోతే, ప్రతి 1740 నిమిషాలకు... అంటే 29 గంటలకోసారి ప్రోగ్రామ్‌ను తనంతట తానే కొత్తగా మొదలుపెడుతుంది. సోమవారం తెల్లవారుజామున మూడింటికైతే, మంగళవారం ఉదయం ఎనిమిదింటికి, బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు! వేళాపాళా లేనట్టుంటుంది కాబట్టే కారణం ఓ పట్టాన అంతుచిక్కదు. 20 నిమిషాలు ఎవరూ రాకపోయినా ప్రోగ్రామ్ ఆగిపోతుంది, అది వేరే సంగతి.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వేళలు రాసుకోండి. మధ్యలో సరిగ్గా 29 గంటలుంటే దొంగ దొరికినట్టే! రోజూ తెల్లవారుజామున మూడింటికే మొదలయ్యేలా మార్చి, లాగిన్ వివరాలను డేటాబేస్‌లో దాచితే సరి.